మా మామగారికి రెండు డిగ్రీలు, వంటావిడది వేలిముద్ర. తెలివి ఎవరిది?

కొబ్బరాకు | ఆదివారం, ఉదయం 7:42

వారం రోజులుగా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఎక్కడో ఒకచోట కక్కేస్తే తేలికవుతుందని ఇక్కడ రాస్తున్నాను. ఊరు, పేర్లు అడగొద్దు.

మా మామగారు ఫిజిక్స్ లెక్చరర్‌గా 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఎమ్మెస్సీ, ఆపైన ఎంఫిల్. మూడు బీరువాల పుస్తకాలు. పేపర్లో అచ్చుతప్పు కనబడితే ఎడిటర్‌కి ఉత్తరం రాసే మనిషి. పోయిన నెల ఆయనకో వీడియో కాల్ వచ్చింది. అవతల పోలీసు యూనిఫాం, వెనక గోడ మీద జెండా. "మీ ఆధార్ మీద విదేశానికి పార్సిల్ వెళ్ళింది, అందులో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం. ఫోన్ కట్ చేయకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు" అన్నారట. ఈయన గది తలుపేసుకుని రెండు రోజులు ఆ ఫోన్ ముందే కూర్చున్నారు. మాకు ఆన్‌లైన్ సెమినార్ అని చెప్పారు. అత్తయ్య కంచం లోపలికి పెట్టి వచ్చేవారు. చివరికి "వెరిఫికేషన్ అయ్యాక తిరిగి వేస్తాం" అన్న మాట నమ్మి 11,40,000 రూపాయలు వాళ్ళు చెప్పిన ఖాతాల్లో వేసేశారు.

అసలు మంట ఇది కాదు. అంతకు రెండు నెలల ముందు సరిగ్గా ఇలాంటి కాలే మా వంటావిడకి వచ్చింది. ఆవిడకి చదువు రాదు, పెన్షన్ దగ్గర వేలిముద్రే. స్పీకర్ ఆన్ చేసి, పోపు వేస్తూనే మాట్లాడింది. "అరెస్టు చేసేవాడివి ఫోనెందుకయ్యా చేస్తావు, జీపేసుకుని రా. వినాయకుడి గుడి పక్క సందు. టీ తాగి తీసుకెళ్దువుగాని." అంతే, పెట్టేసింది. ఆ తర్వాత వాచ్‌మన్‌కి చెప్పింది, కూరగాయల బండతనికి చెప్పింది, పై ఫ్లోర్ వాళ్ళ డ్రైవర్‌కి చెప్పింది. సాయంత్రానికి వీధంతా తెలుసు. మా మామగారికి తప్ప. ఆయన పేపర్ చదువుకుంటున్నారు.

ఇప్పుడాయన అన్నం సరిగ్గా తినడం లేదు. ఆవిడ పాటలు పాడుకుంటూ పప్పు రుబ్బుతోంది. అన్ని పుస్తకాలూ చదివి ఆయన సంపాదించిందేమిటి? సుఖంగా బతకడానికి కావలసిన తెలివి పుస్తకాల్లో లేదా, లేక మావాళ్ళే తప్పు పుస్తకాలు చదివారా?

సందులో సైకిల్ | 8:05

వేదాంతం తర్వాత, ముందు పని చూడండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టారా? ఎంత తొందరగా చెబితే అంత మంచిది, డబ్బు ఇంకో ఖాతాకి జారేలోపు ఆపగలుగుతారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని కూడా రేడియోలో ఈ మాటే చెప్పారు.

కొబ్బరాకు | 8:19

చేశామండీ, కాకపోతే మూడో రోజున. ఒక ఖాతాలో 1,90,000 ఆగింది. మిగతాది ఎటు పోయిందో. మూడో రోజుదాకా ఆయన మాకు చెప్పలేదు, సిగ్గేసిందట.

కృష్ణలంక కుర్రోడు | 9:30

"చదవేస్తే ఉన్న మతి పోయింది" అని ఊరికే అనలేదు పెద్దలు. "చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలు" అని కూడా అన్నారు.

నా కథ వినండి. సివిల్ ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసు. మొదటి సైట్‌లో గది మూల సరిగ్గా తొంభై డిగ్రీలు రావాలి. నేను పరికరం కోసం ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాను. మేస్త్రీ ఒక దారం తీసి, ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, ఎదురుగా ఐదడుగులు వచ్చేదాకా దారం జరిపి మేకు దిగ్గొట్టాడు. "అయిపోయింది సార్." నేను ఎనిమిదో తరగతి నుంచి ఆ పైథాగరస్ సిద్ధాంతం పేరు వల్లిస్తున్నాను. దానితో మూల కట్టొచ్చని ఆ రోజే తెలిసింది! మట్టం చూడ్డానికీ అంతే, సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి రెండు చివర్లూ రెండు గోడలకి ఆనించాడు. డంపీ లెవెల్ (మట్టం చూసే పరికరం) మీద నాకు పరీక్షలో వచ్చిన మార్కులు ఎవరికీ చెప్పుకోలేదు ఆ రోజు.

నేనైతే వంటావిడ పార్టీ.

రేవుగట్టు మనవడు | 10:12

కుర్రోడు గారూ, మేస్త్రీ కథ బాగుంది. కానీ మీరు రాసిన రెండో సామెత గురించి ఒక మాట.

మా తాత ఆ పనే చేశాడు. ఆ సామెత మా ఇంట్లో ఎలా వినబడుతుందో తెలుసా? చదువుకున్నవాణ్ణి తిట్టడానికి మమ్మల్ని కొలబద్దగా పెట్టుకున్నారు. "వీడు వాడికంటే కూడా తక్కువ" అని చెప్పడమే తప్ప అందులో మా తాత తెలివికి మెచ్చుకోలు లేదు.

మెచ్చుకోవాలంటే చాలా ఉంది. ఊళ్ళో ఎనభై ఇళ్ళ బట్టలు కలిసి రేవుకి వెళ్ళేవి. ఏది ఎవరిదో తేలడానికి నల్లజీడి గింజ రసంతో అంచు మీద గుర్తు. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి కాకికాలు, ఇంకో ఇంటికి చుక్క కింద గీత. పైన సున్నం అద్దితే బట్ట చిరిగేదాకా పోదు. ఏ బట్టకి ఎంత చవుడు మట్టి, ఏది ఉబ్బలో (ఆవిరి బానలో) పెట్టాలి, ఏది పెడితే రంగు దిగుతుంది, ఎవరింట్లో పురుడొచ్చింది, ఎవరింట్లో మైల, అంతా బుర్రలో ఉండేది. అక్షరం ముక్క రాదు.

అంత తెలివి ఉన్న మా తాత మా నాన్నని రేవు దరిదాపులకి రానివ్వలేదు. "నీళ్ళలో నిలబడితే నీకూ నా కాళ్ళే వస్తాయి, పో, బడికి పో" అనేవాడట. లోకజ్ఞానం గొప్పదని వ్యాసాలు రాసేది చదువుకున్నవాళ్ళే. ఆ జ్ఞానం ఉన్నవాళ్ళని అడగండి, పిల్లల్ని ఎక్కడికి పంపాలనుకుంటున్నారో.

కృష్ణలంక కుర్రోడు | 10:20

తప్పయిపోయింది అన్నా. నోటికొచ్చిన సామెత ఆలోచించకుండా రాసేశాను. తీసేయమని మోడరేటర్‌ని అడుగుతా.

రేవుగట్టు మనవడు | 10:24

ఉంచెయ్ తమ్ముడూ. తీసేస్తే నా జవాబు గాల్లో వేలాడుతుంది.

చాక్‌పీసు మాస్టారు | 11:47

లెక్కల టీచరుగా రిటైరయ్యాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుగొస్తే దాటేయండి.

బ్రెజిల్‌లో రెసీఫె అని ఒక ఊరుంది. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలు, పళ్ళు అమ్మే పిల్లల మీద చేసిన పరిశోధన 1985లో అచ్చయింది. పరిశోధకులు కొనేవాళ్ళలా వెళ్ళారు. "కాయ ఎంత?" "35." "పది కావాలి." పన్నెండేళ్ళ కుర్రాడు కాసేపు ఆగి ఇలా కట్టాడు: మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి, 315... 350. బళ్ళో పిల్లవాడైతే పక్కన సున్నా పెట్టి ఊరుకుంటాడు. వీడు అలా చేయలేదు. వీడికి మూడు కాయల ధర నోటికి వచ్చు, దాని మీద నడిచాడు. అలా బజారులో ఆ పిల్లలు వందకి 98 లెక్కలు సరిగ్గా చేశారు. తర్వాత అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే వందకి 37 దగ్గర ఆగిపోయారు.

ఇది విని చాలామంది "చూశారా, బడి దండగ" అంటారు. ఆగండి. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం ఇలాంటిదే మన కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో 1,400 మందికి పైగా పిల్లల మీద చేసింది, 2025లో వచ్చింది. బజారు పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు, నిజమే. బడి పిల్లలు బజారు లెక్కలో తడబడ్డారు, అదీ నిజమే. ఒకచోట నేర్చినది రెండోచోటికి దానంతట అది నడిచి రాలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా దగ్గర చదివినవాళ్ళలో ఎంతమంది బడి లెక్క పట్టుకెళ్ళి బజారులో తడబడ్డారో!

ఇక బజారు తెలివికి ఎక్కడ దెబ్బ తగులుతుందో చెబుతాను. మన ఊళ్ళలో వడ్డీని నూటికి నెలకి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. చదువు రానివాళ్ళు కూడా టక్కున కట్టేస్తారు. ఇప్పుడు ఫైనాన్స్‌వాడు వచ్చి "రూపాయి వడ్డీకే ఇస్తాను, 12,000 తీసుకో, నెలకి 1,120 చొప్పున పన్నెండు నెలలు కట్టు" అన్నాడనుకోండి. 12,000కి ఏడాదికి 1,440 వడ్డీ, మొత్తం 13,440, పన్నెండుతో భాగిస్తే 1,120. లెక్క సరిపోయింది కదా? ఎవరైనా ఒప్పుకుంటారు.

సరిపోలేదు. నెలనెలా అసలు తీరుతూనే ఉంది, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 12,000 మీదే వేశాడు. ఆరో నెలలో మీ దగ్గర వాడి డబ్బు సగానికి కాస్త అటూ ఇటూగా ఉంది. తగ్గుతున్న అసలు మీద కడితే అది దగ్గర దగ్గర రూపాయి ఎనభై పైసల వడ్డీ అవుతుంది. ఇది వేళ్ళ మీద తేలదు. కాగితం, పెన్సిలు, కొంచెం బీజగణితం కావాలి. వేలిముద్రలు వేయించుకునేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.

నల్లరేగడి | మధ్యాహ్నం 1:15

మాస్టారు లెక్కతో చెప్పారు, నేను మా ఇంటి సంగతి చెప్తా.

మా చిన్నాయనని పాము కరిచింది. వానాకాలం, రాత్రి కింద చాప మీద పడుకున్నాడు. తెల్లారుజామున లేచి కడుపులో నొప్పి అన్నాడు. చెవి దగ్గర చిన్న గాటు, చీమ కుట్టినట్టు. వాపు లేదు, మంట లేదు. మా ఊళ్ళో పసరు పోసే ముసలాయన ఉన్నాడు. ఆయన మాట అంటే వేదం. చూసి "ఇది పాము కాదు, పురుగు" అని ఏదో ఆకు నూరి పోశాడు. పొద్దెక్కేసరికి చిన్నాయనకి కంటిరెప్పలు లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. సర్కారు దవాఖానకి ట్రాక్టర్ మీద తీసుకెళ్ళాం. దారిలోనే అయిపోయింది. నాకప్పుడు పదమూడేళ్ళు.

ఆ ముసలాయన చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళ అనుభవం. అందుకే "అనుభవం ముందు పుస్తకమెంత" అని ఎవరైనా అంటే నాకు ఆ ట్రాక్టర్ గుర్తొస్తది.

నైట్ డ్యూటీ | 2:40

నల్లరేగడి అన్నా, చదివి కాసేపు టైప్ చేయలేకపోయాను. నేను స్టాఫ్ నర్స్‌ని. మీరు చెప్పినదాన్నిబట్టి అది కట్లపాము అయ్యుండాలి. కోరలు చిన్నవి, కరిచిన చోట నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. మొదట కడుపునొప్పి అంటారు, తర్వాత రెప్పలు వాలతాయి, ఆపైన ఊపిరి. ఎంత చురుకైన కన్నున్నా గాటు చూసి చెప్పడం కష్టం. రక్తపింజర కాటైతే వేరే తీరు, రక్తం గడ్డకట్టదు. శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి మన దగ్గర ఒకే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. కరిచిన కాలో చెయ్యో కదపకుండా, గట్టిగా కట్లు కట్టకుండా, కొయ్యకుండా, తిన్నగా ఆస్పత్రికి.

పసరు ముసలాయన గురించి ఒక్క మాట. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి కరుస్తుంది కానీ విషం ఎక్కించదు. అలాంటివాళ్ళంతా పసరు తాగి లేచి నడిచారు. అది ఆయన ఖాతాలో పడింది. నలభై ఏళ్ళ అనుభవమంటే ఇదే. ఆయన మోసం చేయలేదు, ఆయన్ని ఆయన అనుభవమే మోసం చేసింది.

పిల్లలకి విరేచనాలైతే నీళ్ళు పట్టకూడదనే మాట నేను వార్డులో ఇప్పటికీ వింటాను. ఎదురుగా కనబడేదాన్నిబట్టి చూస్తే సబబే అనిపిస్తుంది కదా, నీళ్ళు పోస్తుంటే నీళ్ళే పోతున్నాయి! లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు. అంతే మందు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా పెచ్చుమీరి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెర నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల ఇంటివాళ్ళ చేతనే తాగించారు. పేగులో ఉప్పుని చక్కెర లోపలికి లాక్కెళ్తుందని లాబొరేటరీలో తెలుసుకున్నది. తాగించింది మాత్రం ఇంటివాళ్ళు.

ఫిలడెల్ఫియా పులిహోర | సాయంత్రం 6:55

ఇక్కడ పొద్దున్న, ఇప్పుడే లేచి ఒక్క గుక్కలో అంతా చదివాను.

"సుఖంగా" అన్న మాట ఎవరూ పట్టుకోలేదు. హార్వర్డ్ వాళ్ళు 1938లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఒకవైపు 268 మంది హార్వర్డ్ విద్యార్థులు, ఇంకోవైపు బోస్టన్ పేదపేటల కుర్రాళ్ళు 456 మంది. వాళ్ళని జీవితాంతం గమనిస్తూ వచ్చారు. ముసలితనంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నదెవరంటే డబ్బున్నవాళ్ళు కాదు, మనుషులతో దగ్గరితనం నిలుపుకున్నవాళ్ళు. ఇంతవరకే అందరూ చెబుతారు. నాకు నచ్చినది వేరే ఉంది. ఆ పేదపేటల వాళ్ళలో కాలేజీ చదువు పూర్తిచేసినవాళ్ళు డెబ్బై ఏళ్ళ వయసులో ఆరోగ్యంలో హార్వర్డ్ వాళ్ళతో సమానంగా నిలబడ్డారు. అంటే చదువు ఊరికే పోలేదు.

నా సంగతి అంటారా, పీహెచ్‌డీ చేశాను. మంచు పడిన రోజు కారు టైరు జారుతుంటే ఏం చేయాలో తెలియక ఏడ్చాను. పక్కింటాయన కారు చక్రం కింద పిల్లి ఇసుక చల్లి బయటికి తీశాడు. ఆయన ట్రక్ డ్రైవర్. ఎనిమిదేళ్ళు పక్కపక్కనే ఉండి ఆ రోజు మొదటిసారి పేరు అడిగాను.

కృష్ణలంక కుర్రోడు | 7:03

పిల్లి ఇసుక అంటే ఏంటండీ

ఫిలడెల్ఫియా పులిహోర | 7:05

పిల్లి పాయిఖానాకి డబ్బాలో పోసేది. ఇంతవరకు వచ్చాక మీరు పట్టుకున్నది అదా!

పెన్నమ్మ ఒడ్డు | 7:48

మా నెల్లూరు సంగతి ఒకటి చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

దూబగుంట అని మా జిల్లాలో ఊరు. 1990 తర్వాత సంపూర్ణ అక్షరాస్యత అని రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు కింద పలకలు పట్టుకున్నారు. వాచకంలో సారా వల్ల చెడిన కాపురం గురించి పాఠం ఒకటి ఉంది. వాళ్ళకి సారా గురించి పుస్తకం చెప్పాలా? కూలి డబ్బులు ఎటు పోతున్నాయో, రాత్రి ఎవరి వీపు పగులుతోందో వాళ్ళకంటే ఎవరికి తెలుసు? తెలిసిందే. కానీ ఎవరి గుడిసెలో వాళ్ళకి తెలుసు. బళ్ళో అందరూ కూర్చుని అదే మాట పైకి చదివేసరికి, నాకే అనుకున్నది నీకూనా, నీకూనా అయింది. దూబగుంట రోశమ్మతో కలిసి సారా దుకాణం మూయించారు. అది పక్క ఊళ్ళకి, జిల్లాకి, రాష్ట్రానికి పాకింది. 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారా నిషేధించింది.

దీన్ని ఏ పార్టీలో వేస్తారు? వంటావిడ పార్టీనా, మామగారి పార్టీనా?

నీరుల్లి బామ్మ | రాత్రి 8:30

నాకు డెబ్బై ఒకటి. మనవరాలు టైపు చేసి పెడుతోంది, తప్పులుంటే దానివి.

అమ్మాయ్ కొబ్బరాకూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివించుకున్నాను. మీ వంటావిడ తెలివైనదే, కాదనను. కానీ ఆవిడ చేసిందేమిటి? వచ్చిన ఫోను సంగతి వీధి వీధంతా చెప్పింది. మీ మామగారు చేసిందేమిటి? తలుపేసుకున్నారు. ఆ దొంగ ముందే అన్నాడుగా, ఎవరికీ చెప్పొద్దని. వాడికి తెలుసు, ఇంకొక్క చెవిన పడితే తన పని అయిపోతుందని. మీ అత్తగారి చెవిన వేసినా చాలు, "ఏవిటండీ ఈ గోల, ఇలా తెండి ఫోను" అనేది.

మా ఆయన బ్యాంకు మేనేజరు. ఏ ఊరు వెళ్ళినా దారి అడగడు. గంటసేపు తిప్పుతాడు కానీ బండి ఆపి "ఫలానా వీధి ఎటు బాబూ" అనడు. అడిగితే చిన్నతనం. నేను దిగి పాన్‌షాపు వాణ్ణి అడిగి వచ్చి ఎక్కేదాన్ని. నాకు ఎనిమిదో తరగతి చదువు, నాకేం చిన్నతనం?

చదువుకున్నవాళ్ళకి అన్నీ తెలిసుండాలని ఇంట్లోవాళ్ళే నేర్పిస్తారు. కరెంటు బిల్లు దగ్గర్నించి ముహూర్తం దాకా ఆయన్నే అడుగుతాం. ఆయన ఎవర్ని అడగాలి?

నల్లరేగడి | 8:52

బామ్మా, మేము అడిగాం. కానీ ఒక్కణ్ణే అడిగాం.

నీరుల్లి బామ్మ | 8:58

అవును నాయనా.

రేవుగట్టు మనవడు | 9:20

బామ్మగారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. అడగడం అందరికీ ఒకే ధరకి దొరకదు. మా నాన్న ఆఫీసులో ఏదన్నా తెలియక అడిగితే "ఇది కూడా తెలియదా, ఎలా వచ్చావు ఉద్యోగానికి" అన్నవాళ్ళున్నారు. పక్క సీటాయన అదే ప్రశ్న అడిగితే కాఫీ తెప్పించి చెప్పారు. అందుకని మా నాన్న అడగడం మానేసి రాత్రుళ్ళు రూల్సు పుస్తకాలు చదివాడు. ఆయనకి పుస్తకమే దిక్కు. పుస్తకం "నువ్వెవరి అబ్బాయివి" అని అడగదు కదా.

నైట్ డ్యూటీ | 9:31

ఈ చివరి మాట మా డ్యూటీ రూమ్‌లో చదివి వినిపించాను.

సందులో సైకిల్ | 9:40

కొబ్బరాకు గారూ, మామగారిని ఎవరూ ఏమీ అనకండి. ఇలాంటి దెబ్బ తిన్నవాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లు, పెద్ద ఆఫీసర్లు కూడా ఉన్నారు. చట్టం మీద భయం, పరువు మీద ప్రేమ ఉన్నవాళ్ళనే వాళ్ళు వెతుక్కుంటారు. మీ వంటావిడకి పోలీసులంటే భయం లేకపోలేదు, నిజం పోలీసులు ఎలా వస్తారో చూసి ఉంటుంది. మీ మామగారు జీవితంలో స్టేషన్ మెట్లెక్కి ఉండరు.

కొబ్బరాకు | మంగళవారం, సాయంత్రం 5:10

రెండు రోజులు ఆలస్యంగా వస్తున్నాను. అందరికీ దణ్ణం. మొదటి రోజు రాసినప్పుడున్న కోపం ఇప్పుడు లేదు. సైకిల్ గారు చెప్పింది నిజమే. అడిగితే వంటావిడ చెప్పింది, కొడుకు ఆటో విషయంలో నాలుగుసార్లు స్టేషన్‌కి తిరిగిందట. "వాళ్ళు ఫోన్లో అంత మర్యాదగా మాట్లాడరమ్మా" అంది.

నిన్న జరిగింది చెప్పాలి. చాక్‌పీసు మాస్టారి వడ్డీ లెక్క నేను వంటింట్లో పైకి చదివాను. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. కొడుకు ఆటో రిపేరుకి 30,000 తీసుకుందట, "రూపాయి వడ్డీయే", నెలకి 2,800 కడుతోంది, ఐదు నెలలైంది. బొడ్లోంచి సంచీ తీసి మడతలు పడ్డ కాగితం నా చేతిలో పెట్టింది. నాకు అర్థం కాలేదు. ఆవిడే ఆ కాగితం పట్టుకుని వెళ్ళి మామగారి గది తలుపు కొట్టింది. ఆ తలుపు మేమెవరం కొట్టలేదు ఈ వారంలో, ఏమంటారోనని. ఆవిడ "సార్, ఇది కాస్త చూసి పెట్టండి, నాకు తెలవట్లేదు" అంది. అంతే.

ఆయన బయటికి వచ్చారు. కళ్ళజోడు అడిగారు. కాగితం వెనక గీతలు గీసి, పన్నెండు గళ్ళు వేసి, ఏ నెలలో అసలెంత, వడ్డీ ఎంత అని వరస వేశారు. గంట పట్టింది. ఆవిడ పక్కన కింద కూర్చోబోతే "కుర్చీ లాక్కో" అన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను ఆ మాట. మిగిలిన ఏడు నెలలదీ ఇప్పుడే ఒకేసారి కట్టేస్తే ఎంత కట్టాలో విడిగా రాసి ఇచ్చారు. ఆవిడ పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని ఫైనాన్స్‌వాడి దగ్గరికి వెళ్ళింది. వాడు అంతా ఒప్పుకోలేదు, కొంత తగ్గించాడు. "ఎవరు రాశారు ఇది" అని అడిగాడట. "మా సారు."

ఇక వాచ్‌మన్‌కి చెప్పకుండా ఉంటుందా? ఇప్పుడు గేటు దగ్గర ముగ్గురు కాగితాలతో నిలబడి ఉన్నారు. అందులో ఒకటి చీటీ పాట లెక్క. మామగారు అది తనకి తెలియదని చెప్పి, కూరగాయల బండతన్ని అడిగి నేర్చుకుంటున్నారు.

డబ్బు మాత్రం తిరిగి రాలేదు. రాత్రి అన్నం తిన్నారు, కొంచెమే.

మాస్టారూ, మీకో కబురు. రూపాయి ఎనభై పైసలు కాదట, రూపాయి డెబ్బై తొమ్మిది పైసలట. మీకు తప్పకుండా చెప్పమన్నారు.

చాక్‌పీసు మాస్టారు | 5:26

ఆయనదే సరి. నేను దగ్గర దగ్గర అన్నాను కానీ, ఫిజిక్స్ వాళ్ళు ఊరుకోరు. చీటీ పాట లెక్క తేలాక నాకూ పంపమని చెప్పండి, అది నాకెప్పుడూ సరిగ్గా రాలేదు.